పునర్వినియోగ వ్యోమనౌకల వార్తల్లో ఉష్ణకవచానికి చోటు ఇవ్వండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మళ్లీ మళ్లీ వాడుకోగల వ్యోమనౌకల గురించి మీ పత్రికలో వస్తున్న కథనాలను నేను విడవకుండా చదువుతున్నాను. దేవరకొండ ప్రాంతపు జిల్లా పరిషత్ పాఠశాలల్లో భౌతికశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకున్నవాడిని కాబట్టి, ఆ కథనాలను కత్తిరించి సాయంత్రం నా దగ్గరికి చదువుకోవడానికి వచ్చే పిల్లలకు ఇస్తుంటాను కూడా. తెలుగులో ఈ విషయాలు ఇంత తరచుగా వస్తున్నందుకు ముందుగా కృతజ్ఞతలు. అయితే వాటిలో దాదాపు ప్రతి కథనమూ నౌక నేలకు దిగే దృశ్యంతో మొదలై ఆ దృశ్యం దగ్గరే ముగుస్తోంది. రన్‌వే, చక్రాలు, పారాచూట్, చప్పట్లు అన్నీ కనిపిస్తాయి. ఒక నౌక మళ్లీ ఎగరడానికి పనికొస్తుందా లేదా అన్న సంగతి మాత్రం అంతకు అరగంట ముందే, నూరు కిలోమీటర్లకు పైబడిన ఎత్తు నుంచి అది గాలిలోకి చొరబడేటప్పుడే, చాలావరకు తేలిపోతుంది. దాని ఒంటి మీది కవచం ఆ వేడికి ఎలా నిలిచింది, దిగిన తరువాత ఆ కవచాన్ని తిరిగి సిద్ధం చేయడానికి ఎంతమంది ఎన్ని వారాలు పనిచేయాల్సి వచ్చింది అన్న రెండు ప్రశ్నలకు జవాబు లేకుండా పునర్వినియోగం గురించి రాసే వార్త అసంపూర్ణమని నా అభిప్రాయం. ఆ అభిప్రాయానికి కారణాలను కొంత వివరంగా చెప్పుకునే అవకాశం ఇవ్వగలరు.

ముందుగా వేడి ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. భూమికి దగ్గరి కక్ష్యలో తిరిగే నౌక వేగం సెకనుకు సుమారు 7.8 కిలోమీటర్లు, నల్లగొండ నుంచి హైదరాబాదుకు ఉన్న నూరు కిలోమీటర్లను అది పదమూడు సెకన్లలో దాటేస్తుంది. ద్రవ్యరాశిలో సగాన్ని వేగపు వర్గంతో గుణించే సూత్రం పదో తరగతి పిల్లలకూ తెలిసినదే. దాని ప్రకారం నౌకలోని ప్రతి కిలోగ్రాముకూ దాదాపు 30 మెగాజౌళ్ల గతిశక్తి ఉంటుంది. ఒక కిలో అల్యూమినియంను మామూలు ఉష్ణోగ్రత నుంచి వేడిచేసి పూర్తిగా కరిగించడానికి సుమారు ఒక మెగాజౌలు చాలు. అంటే నౌక తన వేగంలోనే తనను ముప్పై సార్లు కరిగించగలిగినంత శక్తిని దాచుకొని తిరుగుతోందన్నమాట. నేలకు దిగి ఆగేలోపు ఆ శక్తినంతటినీ ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి. బ్రేకులుగా వాడుకోవడానికి రాకెట్ ఇంజిన్లు ఉన్నా, పైకి తీసుకెళ్లడానికి పట్టినంత ఇంధనం మళ్లీ కిందికి రావడానికి కూడా మోసుకెళ్లాలి కాబట్టి ఆ దారి ఆచరణలో మూసుకుపోయినట్టే. మిగిలిన బ్రేకు గాలి ఒక్కటే.

ఇక్కడే ఒక పొరపాటు అవగాహన తరగతి గదుల్లోనూ వార్తల్లోనూ పాతుకుపోయింది. గాలి రాపిడి వల్ల నౌక మండుతుందని రాస్తారు. రాపిడి పాత్ర కొంత ఉన్న మాట నిజమే కానీ, మొద్దుగా ఉండే నౌక ముందుభాగంలో పుట్టే వేడిలో అత్యధిక భాగం గాలి నొక్కుకుపోవడం వల్ల వస్తుంది. ధ్వని కంటే పాతిక రెట్లు వేగంగా వస్తున్న వస్తువు నుంచి పక్కకు తప్పుకోవడానికి గాలి అణువులకు వ్యవధి ఉండదు. అవి నౌక ముందు ఒకదానిపై ఒకటి కుప్పబడి, షాక్ వేవ్ అనే పలుచని పొరలో ఒక్కసారిగా నొక్కుకుపోయి, వేల డిగ్రీలకు వేడెక్కుతాయి. మన పొలాల్లోని డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదన్న సంగతి ఇక్కడి రైతులందరికీ తెలుసు. సిలిండర్‌లో గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే అందులో ఇంధనం అంటుకుంటుంది. నౌక ముందు జరిగేదీ అదే పని, ఊహకందని తీవ్రతలో. ఆ వేడికి ఆక్సిజన్, నైట్రోజన్ అణువులు విడిపోతాయి, పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడి వస్తాయి, విద్యుదావేశం ఉన్న ఆ వాయువు పొర వల్ల నౌకతో రేడియో సంబంధాలు కొన్ని నిమిషాలు తెగిపోతాయి. వేడి రాపిడి నుంచి పుడుతుందనుకున్న విద్యార్థి, నౌకను సూదిలా మొనదేల్చి గాలి తగలకుండా చేస్తే సరిపోతుందని తప్పక అనుకుంటాడు. గాలి నొక్కుకుపోవడం వల్ల పుడుతుందని తెలిసిన విద్యార్థికి మాత్రమే నౌక ముందుభాగం ఎందుకు మొద్దుగా, గుండ్రంగా ఉంటుందో అర్థమవుతుంది.

ఆ మొద్దు ఆకారం వెనుక ఉన్న ఆలోచన 1950ల మొదట్లో అమెరికాలోని ఏమ్స్ పరిశోధనశాలలో హెచ్. జూలియన్ అలెన్, ఆయన సహచరుడు ఆల్‌ఫ్రెడ్ ఎగ్గర్స్ ముందుకు తెచ్చినది. అప్పటివరకు క్షిపణుల ముక్కులను వీలైనంత సన్నగా గీస్తుండేవారు. సన్నని మొన దగ్గర షాక్ వేవ్ దాదాపు ఆ మొనకు అంటుకునే ఉండి వేడినంతా దానిలోకే పంపుతుంది. ముక్కు వెడల్పుగా, మొద్దుగా ఉంటే షాక్ వేవ్ దానికి ఎడంగా నిలబడుతుంది. పుట్టిన వేడిలో ఎక్కువ భాగం పక్కల నుంచి పారిపోయే గాలితోపాటే వెళ్లిపోతుంది, నౌకకు చేరేది అందులో చాలా కొద్ది భాగం. లెక్క ప్రకారం ముక్కు వంపు వ్యాసార్థాన్ని నాలుగు రెట్లు పెంచితే అక్కడ తగిలే వేడి రేటు సగానికి పడిపోతుంది. క్షిపణుల కోసం పుట్టినందువల్ల ఈ ఫలితం కొన్నేళ్లపాటు రహస్యంగానే ఉండిపోయింది. అపోలో అయినా, సోయజ్ అయినా, మన గగన్‌యాన్ సిబ్బంది మాడ్యూల్ అయినా గాలిలోకి తమ మొద్దు వైపును ముందుకు పెట్టి రావడానికి కారణం ఇదే.

ఆకారం ఎంత సాయం చేసినా, నౌకకు చేరే ఆ కొద్ది భాగం కూడా అల్యూమినియం చట్రాన్ని నాశనం చేయడానికి సరిపోతుంది. దాన్ని తట్టుకునే పద్ధతుల్లో మొదటిది మందపాటి లోహంలో వేడిని దాచుకోవడం. 1961 మే నెలలో అమెరికా తొలి వ్యోమగామి అలన్ షెపర్డ్ ప్రయాణించిన మెర్క్యురీ గుళికకు (రెక్కలు లేని చిన్న నౌకకు) బెరీలియం లోహపు కవచం ఇలాంటిదే. కక్ష్యలోకి వెళ్లకుండా వెంటనే తిరిగొచ్చే ప్రయాణానికి అది చాలింది, కక్ష్య నుంచి రావడానికి చాలదు. రెండో పద్ధతిలో కవచమే కొంచెం కొంచెంగా కాలి, బొగ్గుగా మారి, అందులోంచి వెలువడే వాయువులు వేడి గాలిని ఒంటికి దూరంగా నెట్టివేస్తాయి. చంద్రుడి నుంచి సెకనుకు 11 కిలోమీటర్ల వేగంతో వచ్చిన అపోలో గుళికలను కాపాడింది ఈ పద్ధతే. ఆవ్‌కోట్ అనే రెసిన్ పదార్థాన్ని తేనెపట్టు అల్లికలోని మూడు లక్షలకు పైగా గదుల్లో ఒక్కొక్క గదినీ చేతి పరికరంతో నింపుతూ ఆ కవచాన్ని తయారుచేశారు. ఆ ఓపిక గురించి పిల్లలకు చెప్పినప్పుడల్లా నాకు గౌరవం పెరుగుతూనే ఉంటుంది.

కాలే కవచం సులువైన పరిజ్ఞానమని అనుకోవడానికి వీల్లేదు. 2022 డిసెంబరులో నాసా చంద్రయాత్ర ఆర్టెమిస్-1 ముగించి వచ్చిన ఒరాయన్ గుళిక కవచంలో నూరుకు పైగా చోట్ల బొగ్గు పొర ముక్కలుగా ఊడిపోయి కనిపించింది. గుళిక క్షేమంగానే దిగింది, కానీ అలా ఊడుతుందని ఎవరూ అనుకోలేదు. కారణం తేల్చడానికి నాసాకు దాదాపు రెండేళ్లు పట్టింది. ఆ గుళిక వాతావరణంలోకి ఒకసారి దిగి, కొంత పైకి లేచి, మళ్లీ దిగే దారిలో వచ్చింది. మధ్యలో వేడి తగ్గిన వ్యవధిలో పై పొర బొగ్గుగా మారడం మందగించింది, లోపల మాత్రం వాయువులు పుడుతూనే ఉన్నాయి, బయటికి పోయేందుకు తగినన్ని సూక్ష్మరంధ్రాలు లేక ఒత్తిడి పెరిగి పొర పగిలింది. వేడి ఎక్కువైనందువల్ల కాకుండా, మధ్యలో తగ్గినందువల్ల కవచం దెబ్బతిన్న ఈ ఉదంతం తెలుగు పాఠకులకు వివరంగా చెప్పదగినది.

మూడో పద్ధతి పునర్వినియోగానికి ప్రాణం వంటిది. ఇందులో కవచం కాలదు, కరగదు. ఎర్రగా కాగి, అందిన వేడిని అందినట్టే వెలుగు రూపంలో ఆకాశంలోకి తిరిగి పంపేస్తుంది. వేడెక్కిన వస్తువు వెదజల్లే శక్తి దాని పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతానికి అనులోమానుపాతంలో ఉంటుందన్న స్టెఫాన్-బోల్ట్జ్‌మన్ నియమం ఇంటర్మీడియెట్ పుస్తకంలో ఒక పేరాగా కనిపించి మాయమవుతుంది. ఆ నియమంతో లెక్క వేస్తే 1,200 డిగ్రీల సెల్సియస్ దగ్గర నల్లని పూత ఉన్న ఒక చదరపు మీటరు ఉపరితలం 200 కిలోవాట్లకు పైగా శక్తిని వెదజల్లగలదు. అంటే పై పొర ఎంత ఎక్కువ వేడికి నిలబడగలిగితే అంత ఎక్కువ వేడిని వదిలించుకోగలదు, ఆ వేడి లోపలికి పాకకుండా చూసుకోవడమే మిగిలిన పని. అమెరికా మళ్లీ మళ్లీ వాడిన రెక్కల నౌక స్పేస్ షటిల్ ఒంటి మీది సిలికా టైల్స్ (పలకలు) చేసింది ఇదే. అత్యంత శుద్ధమైన సిలికా నారతో చేసిన ఆ పలకల ఘనపరిమాణంలో తొంభై శాతానికి పైగా ఖాళీయే. ఘనమీటరు బరువు సుమారు 144 కిలోలు, అంటే నీటి బరువులో ఏడో వంతు. ఒక పక్క ఎర్రగా కాలుతున్నప్పుడే అంచులను వట్టి చేత్తో పట్టుకోగలిగేంత నెమ్మదిగా వేడి వాటిలో ప్రయాణిస్తుంది. వాటి కింద ఉన్న అల్యూమినియం మాత్రం 177 డిగ్రీలు దాటకూడదు. బయట 1,260 డిగ్రీలు, లోపల 177 డిగ్రీలు, మధ్యలో కొన్ని అంగుళాల సిలికా. మానవ నిర్మితమైన వాటిలో ఇంత అందమైన ఏర్పాటు మరొకటి నాకు తోచదు.

కానీ ఆ అందానికి చెల్లించిన మూల్యం చాలా పెద్దది, నా ఉత్తరంలోని అసలు మాట కూడా అదే. వేడికి అల్యూమినియం సాగుతుంది, సిలికా దాదాపు సాగదు. పెద్ద పలకను నేరుగా అంటిస్తే అది పగిలిపోతుంది. అందుకే సుమారు 15 సెంటీమీటర్ల చిన్న పలకలుగా కోసి, మధ్యలో సందులు వదిలి, ప్రతి పలక కింద మెత్తని ఫెల్ట్ పొర పెట్టి, సిలికోన్ జిగురుతో అతికించారు. ఒంటి వంపు ప్రతిచోటా వేరు కాబట్టి పలకల ఆకారాలు, మందాలు వేరు వేరు. ప్రతి పలకకూ సొంత సంఖ్య, సొంత స్థానం. తరువాతి షటిళ్లలో ఒక్కొక్కదానికి 24,000 దాకా, మొదటిదైన కొలంబియాకు ముప్పై వేలకు పైగా ఇలాంటి పలకలు పట్టాయి. 1979లో కొలంబియాను విమానం మీద ఎక్కించి కాలిఫోర్నియా నుంచి ఫ్లోరిడాకు తరలిస్తున్నప్పుడే చాలా పలకలు ఊడిపోయాయి. జిగురు గట్టిదే, పలకా గట్టిదే, రెండూ కలిసే చోట నార బలహీనంగా ఉందని తేలి, వేల పలకలను ఊడదీసి అడుగు భాగాన్ని గట్టిపరచి మళ్లీ అతికించాల్సి వచ్చింది. 1981 ఏప్రిల్ 12న జరిగిన మొదటి ప్రయాణం అంత ఆలస్యం కావడానికి ఇంజిన్లతోపాటు ఇదీ ముఖ్య కారణం.

పని అక్కడితో ముగియలేదు. ఖాళీలతో నిండిన సిలికా పలక నీటిని పీల్చుకుంటుంది. పీల్చుకున్న నీరు బరువు పెంచుతుంది, పైకి వెళ్లాక గడ్డకట్టి పలకను చీలుస్తుంది. నీరు అంటకుండా చేసే రసాయనం ఒక్క ప్రయాణపు వేడికే కాలిపోతుంది కాబట్టి, దిగిన ప్రతిసారీ పలకలకు సూదులతో ఆ రసాయనాన్ని మళ్లీ ఎక్కించేవారు. దెబ్బతిన్న పలకలను మార్చేవారు, సందుల్లోని కూర్పు గుడ్డలను సరిచేసేవారు. రెండు వారాల్లో మళ్లీ ఎగురుతుందని మొదట ఆశించిన షటిల్, మొత్తం 135 ప్రయాణాల చరిత్రలో, రెండు ప్రయోగాల మధ్య అతి తక్కువగా తీసుకున్న వ్యవధి 54 రోజులు. అట్లాంటిస్ 1985లో సాధించిన ఆ వేగాన్ని ఆ తరువాత ఏ షటిల్ కూడా అందుకోలేదు. ఆలస్యానికి పలకలు ఒక్కటే కారణం కాదు, ఇంజిన్ల తనిఖీలు కూడా ఉన్నాయి. అయినా షటిల్‌ను రన్‌వే మీద చూసి 'మళ్లీ వాడే వాహనం' అని రాసిన వార్తలకు, హ్యాంగర్ లోపల నెలల తరబడి జరిగిన చేతిపని కనిపించలేదు.

సందులో ఉండాల్సిన చిన్న గుడ్డముక్క ఎంత ముఖ్యమో 2005 ఆగస్టులో తెలిసింది. డిస్కవరీ షటిల్ అడుగు భాగంలో అలాంటి రెండు ముక్కలు కొద్దిగా బయటికి పొడుచుకొచ్చాయి. నునుపుగా సాగాల్సిన గాలి ఆ చిన్న అడ్డం వల్ల ముందే సుడులు తిరిగితే ఆ వెనుక భాగమంతా అనుకున్న దానికంటే ఎక్కువగా వేడెక్కుతుంది. స్టీఫెన్ రాబిన్సన్ అనే వ్యోమగామి నౌక కిందికి వెళ్లి వాటిని చేత్తోనే లాగేశాడు. అంతకు ముందు, 1988 డిసెంబరులో అట్లాంటిస్ దిగాక చూస్తే ఏడు వందలకు పైగా పలకలు దెబ్బతిని ఉన్నాయి, ఒకటి పూర్తిగా ఊడిపోయింది; ఊడిన చోట లోపల యాంటెనా కోసం మందపాటి లోహపు పలక ఉండబట్టి నౌక బతికింది. 2003లో ఆ అదృష్టం కొలంబియాకు దక్కలేదు. జనవరి 16న పైకి లేచిన 82 సెకన్లకు ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క, బరువు కిలో కూడా లేనిది, ఎడమ రెక్క అంచులోని కార్బన్ పలకకు తగిలి రంధ్రం చేసింది. ఫిబ్రవరి 1న తిరిగి వస్తున్నప్పుడు వేడి వాయువు ఆ రంధ్రం గుండా రెక్కలోకి చొరబడింది. దిగడానికి పదహారు నిమిషాల దూరంలో కల్పనా చావ్లాతో సహా ఏడుగురిని పోగొట్టుకున్నాం. రెక్క అంచు, ముక్కు కొన వంటి చోట్ల వేడి పలకలు తట్టుకోలేనంత ఉంటుంది కాబట్టి అక్కడ కార్బన్-కార్బన్ అనే పదార్థం వాడారు; వేడికి అది ఎంత గట్టిదో, దెబ్బకు అంత పెళుసు.

మరి స్పేస్‌ఎక్స్ సంస్థ ఫాల్కన్-9 రాకెట్ల బూస్టర్లు, అంటే కింది దశలు, అన్నిసార్లు ఎలా ఎగురుతున్నాయని పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2015 డిసెంబరులో మొదటిసారి నేలకు దిగిన ఆ బూస్టర్లలో ఒకటి 2025 నాటికి ముప్పై ప్రయాణాలు పూర్తిచేసింది. జవాబు వేగంలో ఉంది. బూస్టరు కక్ష్యకు వెళ్లదు. సెకనుకు రెండు కిలోమీటర్లకు కాస్త అటూఇటూ వేగం దగ్గరే పై దశను వదిలి వెనుదిరుగుతుంది. శక్తి వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, కిలోకు అది వదిలించుకోవాల్సిన శక్తి కక్ష్య నుంచి వచ్చే నౌకతో పోలిస్తే పదో వంతు కూడా కాదు. గాలి దట్టమయ్యే ముందు ఇంజిన్లను కొద్దిసేపు వెలిగించి ఆ వేగాన్ని ఇంకా తగ్గించుకుంటుంది. కక్ష్య దాకా వెళ్లే దాని పై దశ మాత్రం ఈనాటికీ తిరిగి రావడం లేదు. ఆ పనికోసమే అదే సంస్థ తయారుచేస్తున్న స్టార్‌షిప్‌కు అల్యూమినియం బదులు ఎక్కువ వేడిలోనూ బలం కోల్పోని స్టెయిన్‌లెస్ స్టీలు వాడి, ఒకే ఆకారంలో ఉండే ఆరు భుజాల పలకలను సుమారు 18,000 అమర్చారు. చాలా పలకలను జిగురుతో కాక లోహపు కొక్కేలతో బిగించారు. ఆరు భుజాల అమరికలో సందులు తిన్నగా సాగవు కాబట్టి వేడి వాయువు వేగం పుంజుకోవడానికి పొడవైన దారి దొరకదు. షటిల్ నేర్పిన పాఠం ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది: పలక ఊడినా నౌక బతకాలి, మార్చాల్సి వస్తే చేతికందిన పలకను అక్కడ బిగించగలగాలి. అయినా 2024 జూన్ ప్రయాణంలో దాని రెక్క కీలు దగ్గర వేడి చొరబడి లోహం కాలిపోతున్న దృశ్యాన్ని ప్రపంచమంతా చూసింది. కదిలే భాగాల కీళ్ల దగ్గర కవచం వేయడం ఎంత కష్టమో ఆ ఒక్క దృశ్యం చెబుతుంది.

ఇప్పుడు మన ఇస్రో సంగతికి వస్తాను. ఈ రంగంలో మనవారి కృషి చాలామంది అనుకుంటున్న దానికంటే పాతది, లోతైనది. 2007 జనవరిలో పన్నెండు రోజులు కక్ష్యలో తిరిగిన 550 కిలోల ఎస్‌ఆర్‌ఈ-1 గుళికను సిలికా పలకలు, కార్బన్-ఫినాలిక్ ముక్కు కవచంతో బంగాళాఖాతంలోకి క్షేమంగా దించారు. 2014 డిసెంబరు 18న గగన్‌యాన్ గుళికకు నమూనా అయిన కేర్ మాడ్యూల్‌ను 126 కిలోమీటర్ల ఎత్తు నుంచి దించి కాలే కవచాన్ని పరీక్షించారు. రెక్కల వాహనం ఆర్‌ఎల్‌వీ-టీడీ 2016 మే 23న శ్రీహరికోట నుంచి లేచి 65 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి, ధ్వనికి ఐదు రెట్ల వేగంతో తిరిగొచ్చి సముద్రం మీద ప్రయాణాన్ని ముగించింది. 2023 ఏప్రిల్ 2న, 2024 మార్చి 22న, జూన్ 23న కర్ణాటకలోని చిత్రదుర్గ దగ్గర దాని దిగుడు పరీక్షలు జరిగాయి. వాయుసేన చినూక్ హెలికాప్టరు నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తు నుంచి వదిలిన పుష్పక్ అనే ఆ వాహనం, ఎవరి ప్రమేయమూ లేకుండా తనంతట తానే దారి సరిచేసుకొని, గంటకు 320 కిలోమీటర్లకు పైబడిన వేగంతో రన్‌వే మధ్యగీత మీదికి దిగింది. రెండో పరీక్షలో వాడిన వాహనాన్నే మూడో పరీక్షలోనూ వాడారు. ఈ విజయాలను తగ్గించి చెప్పే ఉద్దేశం నాకు లేశమైనా లేదు.

అయితే పిల్లల చేత నేను చేయించిన లెక్కను పాఠకులూ చేసి చూడాలని కోరుతున్నాను. 2016లో చేరిన వేగం దగ్గర కిలోకు ఉన్న శక్తి, కక్ష్య వేగం దగ్గర ఉండే శక్తిలో సుమారు ఇరవై ఐదో వంతు. గంటకు 320 కిలోమీటర్ల వేగం దగ్గర ఉన్న శక్తి కక్ష్య వేగపు శక్తిలో ఏడు వేలో వంతు కూడా కాదు. చిత్రదుర్గలో పరీక్షించింది మార్గనిర్దేశాన్ని, చక్రాలను, బ్రేకులను. అవన్నీ అవసరమైనవే, వాటిని కక్ష్య పరీక్షకు ముందే గట్టిపరచుకోవడం తెలివైన పద్ధతి కూడా. కవచానికి మాత్రం ఆ పరీక్షల్లో పని పడలేదు. కక్ష్య నుంచి రెక్కలతో తిరిగి వచ్చే పరీక్షే దానికి అసలు పరీక్ష. రెక్కల వాహనం ముక్కును పైకెత్తి, పలుచని గాలిలో చాలాసేపు ఈదుతూ వస్తుంది కాబట్టి ఏ ఒక్క క్షణంలోనైనా తగిలే వేడి గుళికకు తగిలేదానికంటే తక్కువ. ఆ తక్కువ వేడి ఎక్కువసేపు తగులుతుంది కాబట్టి మొత్తం మీద ఒంటికి చేరేది ఎక్కువ. గరిష్ఠ వేడిని బట్టి పదార్థాన్ని, మొత్తం వేడిని బట్టి మందాన్ని నిర్ణయిస్తారు; మందం పెరిగిన ప్రతి కిలో మోసుకెళ్లే ఉపగ్రహం బరువులోంచి కోత పడుతుంది. చిత్రదుర్గ మన పాలమూరు లాంటి పొడి నేల. ప్రయోగ కేంద్రమున్న శ్రీహరికోట ఈశాన్య రుతుపవనాల వాన, ఉప్పు గాలి నిరంతరం తగిలే దీవి. సిలికా పలకల నీటి సమస్యను అక్కడ ఎలా పరిష్కరిస్తారన్నది నాకు ఎంతో ఆసక్తి కలిగించే ప్రశ్న. ఏ రన్‌వే దృశ్యంలోనూ దానికి జవాబు దొరకదు.

ఈ పదార్థాల విజ్ఞానం మన జిల్లాలకు దూరపు విషయమేమీ కాదు. సాగర్ రోడ్డు మీదుగా రాజధానికి వెళ్లే మన విద్యార్థులకు కాస్త పక్కనే ఉన్న కంచన్‌బాగ్‌లో రక్షణ పరిశోధనశాలలు, ప్రత్యేక లోహాలు తయారుచేసే మిధాని ఉన్నాయి. అగ్ని క్షిపణి కవచం కోసం కార్బన్ మిశ్రమ పదార్థాలను అభివృద్ధి చేసింది హైదరాబాదులోనే. అబ్దుల్ కలాం గారి చొరవతో ఆ పరిజ్ఞానమే నిమ్స్ ఆసుపత్రిలో పోలియో పిల్లల కాళ్లకు తేలికైన కాలిపర్లుగా మారింది. అంతరిక్షం అనగానే కంప్యూటర్ కోర్సుల వైపు మాత్రమే చూసే మన పిల్లలకు సిరామిక్స్, రసాయనశాస్త్రం, జిగుర్లు, వెల్డింగ్ కూడా అదే అంతరిక్షానికి దారులని ఎవరో ఒకరు చెప్పాలి. నా దగ్గరికి వచ్చే ఒక అమ్మాయి, ఐటీఐలో చేరిన తన అన్న నేర్చుకుంటున్నది రాకెట్లకు పనికొస్తుందా అని అడిగింది. ముప్పై వేల పలకలను అతికించిన చేతులు ఎవరివో ఆమెకు వివరంగా చెప్పాను.

కాబట్టి సంపాదకులుగా మీకు నా విన్నపం ఇది. కక్ష్య నుంచి మన రెక్కల వాహనం తిరిగి వచ్చే రోజు కథనం రాసేటప్పుడు, అది ఏ వేగంతో వాతావరణంలోకి ప్రవేశించింది, ముక్కు కొన దగ్గర, రెక్క అంచు దగ్గర ఏ పదార్థం వాడారు, దిగాక ఎన్ని పలకలు మార్చాల్సి వచ్చింది, అదే వాహనం మళ్లీ ఎగరడానికి ఎంత కాలం పట్టింది అని మీ విలేఖరులు అడగాలి. ఆ జవాబులు మొదటి రోజు దొరకవు. నెలల తరువాతైనా మళ్లీ వెళ్లి అడిగి, మొదటి రోజు వార్తకు ఇచ్చినంత చోటు వాటికీ ఇవ్వాలి. షాక్ వేవ్ మొద్దు ముక్కుకు ఎడంగా ఎలా నిలబడుతుందో చూపే బొమ్మ ఒకటి, సిలికా పలక నిలువుకోత బొమ్మ ఒకటి మీ విద్యార్థుల పేజీలో ప్రచురిస్తే, వాటిని గోడకు అంటించుకునే పాఠశాలలు మా వైపు చాలా ఉన్నాయి. ఆ బొమ్మలకు కావలసిన లెక్కలు, కొలతలు పిల్లలకు అర్థమయ్యే రీతిలో రాసి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా.